బీడు కాదు, ప్రాణమున్న నేల
కళ్యాణదుర్గం దారుల్లో వన్యప్రాణులు: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లొచ్చిన పెద్దవాళ్లు ఇప్పుడు మా అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపూ కనిపిస్తున్నారు. ఇల్లంత బండి అద్దెకు తీసుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని ఎల్లోస్టోన్ చూశామని, అలాస్కా చూశామని మురిపెంగా చెబుతారు. రోడ్డు దాటుతున్న ఎలుగుబంటి ఫొటో ఫోన్‌లో చూపిస్తారు. అన్నీ అయ్యాక నిట్టూర్చి, "మన దగ్గర ఏముందిలే, రాళ్లూ రప్పలూ కంపచెట్లూ తప్ప" అంటారు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఊరు దాటి ఏ దిక్కుకు కాస్త దూరం పోయినా కృష్ణజింకో, గుంటనక్కో, తోడేలో, ఎలుగుబంటో తిరిగే నేల ఇది. "ఏమీ లేదు" అన్న మాట నోటితో ఆగదు. కాగితాల్లోకి ఎక్కుతుంది, అక్కణ్ణుంచి జేసీబీ దాకా పోతుంది. అందుకే ఈ నేల మీదా, ఇక్కడి ప్రాణుల మీదా జనంలో ఉన్న కొన్ని అపోహలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

అపోహ 1: జంతువుల్ని చూడాలంటే దట్టమైన అడవికే పోవాలి. ఇక్కడిదంతా బంజరు.

వాస్తవం: దట్టమైన అడవిలో జంతువు పది గజాల దూరంలో ఉన్నా ఆకుల చాటున కనబడదు. గడ్డిబీడులో అయితే చూపు ఆనినంత మేరా మనదే. కృష్ణజింకకు కావలసింది అలాంటి బయలే. దానికి రక్షణ చెట్ల చాటు కాదు, దూరం చూసే కళ్లూ, గంటకు 80 కిలోమీటర్ల దాకా దూసుకుపోగల కాళ్లూ. మన రాష్ట్ర జంతువు అదే. మగది వయసు వచ్చేకొద్దీ నల్లబడుతుంది, కొమ్ములు మెలితిరుగుతాయి. ఆడవి, పిల్లలు ఎండిన గడ్డి రంగులోనే ఉంటాయి.

మరి బంజరు అన్న పేరు ఎక్కడిది? శిస్తు రాని నేలనల్లా ఆ పద్దులో రాయడం తెల్లవాళ్ల కాలం నుంచీ ఉంది. ఉపగ్రహ చిత్రాలతో కేంద్రం అచ్చువేసే వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్‌లో ఇప్పటికీ పొదల నేలలు 'వృథా భూముల' లెక్కలోనే ఉన్నాయి. ఆ 'వృథా' నేలే కలివికోడికి ఇల్లు. 1848లో బ్రిటిష్ ప్రకృతి పరిశోధకుడు జెర్డాన్ లోకానికి పరిచయం చేసిన ఈ పక్షి 1900లో అనంతపురం ప్రాంతంలో, పెన్నా లోయలో కనిపించి, ఆ తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా పొదల్లో మళ్లీ దొరికింది. దాన్ని అంతకాలం కాపాడింది ఏ మహారణ్యమూ కాదు, ముళ్ల పొదలే.

అపోహ 2: దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది అనంతపురంలోనే.

వాస్తవం: ఇది పాఠాల్లో, ఉపన్యాసాల్లో, వార్తల్లో విని విని మనం నమ్మేసిన మాట. అంకెలు వేరే చెబుతాయి. అనంతపురంలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జైసల్మేర్‌లో పడేది 200 చుట్టుపక్కల. బికనీర్, బాడ్మేర్‌లలో 300 లోపే. లేహ్‌లో అయితే 100 మిల్లీమీటర్లు పడటమే గొప్ప. వాళ్లందరికంటే మనకే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన మనదన్నది మాత్రం నిజం.

మరి కరువెందుకు? పడమటి కనుమలు నైరుతి మేఘాలను అవతలే పిండేస్తాయి. మనం వాటి వానచాటున ఉన్నాం. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి నీరసపడతాయి. పడే ఆ కాస్త వానా అదునుకు పడదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు నెలరోజులు ముఖం చాటేస్తే, ఏడాది మొత్తం లెక్క సరిపోయినా పంట చేతికి రాదు. పల్చటి ఎర్రనేల తేమను పట్టి ఉంచలేదు. ఇక్కడి గడ్డి మాత్రం ఈ వరసకు అలవాటుపడింది. ఒక్క పదును వాన పడితే వారంలో గుట్టలు పచ్చబడతాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కుందుర్పి, శెట్టూరు వైపు బండి వేసుకుని వెళ్లినవాళ్లకు కరువుసీమ అన్న మాటే గుర్తుకు రాదు.

ఉత్తరాన కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక దిబ్బలు చూసి "రాజస్థాన్ ఎడారి ఇక్కడిదాకా వచ్చింది" అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ ఇసుక ఎక్కడిదో కాదు, మన వేదవతిది. ఏరు ఎండినప్పుడు గాలి దాన్ని ఎత్తి పొలాల మీద పోస్తోంది.

అపోహ 3: గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తున్నాయి.

వాస్తవం: గుట్టల మీద రెక్కలు తిరుగుతుంటే, మబ్బు వచ్చినట్టే వచ్చి పోతుంటే, రైతుకు ఆ అనుమానం రావడం సహజం. కానీ గాలిమర రెక్క కొన లేచేది 150–200 మీటర్ల దరిదాపులకే. వాన మబ్బు అడుగు సాధారణంగా అరకిలోమీటరుకు పైనే మొదలవుతుంది, తల పది కిలోమీటర్లు దాటుతుంది. కింద తిరిగే రెక్క దాన్నేమీ చేయలేదు. 1876–78 నాటి ధాత కరువు వచ్చినప్పుడు ఇక్కడ ఒక్క గాలిమర లేదు. 

గాలిమరల వల్ల నష్టం ఉంది, అది వేరే చోట. రెక్కలకూ కరెంటు తీగలకూ తగిలి పక్షులు చస్తాయి. కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో ఎవరి కోసం అభయారణ్యం పెట్టారో ఆ బట్టమేక పక్షికి పెద్ద గండాల్లో ఒకటి ఈ తీగలే. బరువైన పక్షి, ఎదురుగా ఉన్నదాన్ని చూసే శక్తి తక్కువ. తీగ కనబడేసరికి పక్కకు తప్పుకోలేదు. ఇప్పుడవి దేశం మొత్తమ్మీద 200 లోపే మిగిలాయి. చేయని తప్పుకు గాలిమరను తిడుతూ కూర్చుంటే, చేస్తున్న తప్పును సరిదిద్దమని అడిగేవాళ్లుండరు.

అపోహ 4: వీరాపురానికి వచ్చేవి సైబీరియా కొంగలు.

వాస్తవం: చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి ఎర్రకాళ్ల కొంగలు. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు వాటి గుర్తు. ఇవి దక్షిణాసియా పక్షులే. మన చెరువుల్లో చేపలు తిని, మన చెట్ల మీద పిల్లల్ని పెంచే మన ఇంటి బిడ్డలు. అసలు సైబీరియా కొంగ తెల్లటి క్రేన్. అది రష్యా ఉత్తరపు చిత్తడి నేలల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి భరత్‌పూర్ వచ్చేది. 2002 తర్వాత అక్కడా కనిపించలేదు.

నిజంగా ఉత్తరాది నుంచి వచ్చే చుట్టాలు మనకు వేరే ఉన్నారు. వాళ్లను పలకరించేవాళ్లే లేరు. కజకిస్తాన్ వైపు గడ్డిమైదానాల్లో పుట్టిన హారియర్ గద్దలు చలికాలంలో మన బీళ్ల మీద తిరుగుతాయి. రెక్కలు కాస్త పైకెత్తి, గడ్డి కొసలను తాకుతున్నట్టు తక్కువ ఎత్తులో తేలుతూ పోతాయి. పొద్దుగూకాక చెట్టెక్కవు, నేల మీద గడ్డిలోనే గుంపుగా పడుకుంటాయి. పగలంతా అవి ఏరుకు తినేవాటిలో మిడతలే ఎక్కువ. మందు కొట్టకుండా మన చేను కాచే ఈ కూలీల పడకను మనమే దున్నేసి, తగలబెట్టేస్తున్నాం.

అపోహ 5: తోడేలు కనిపిస్తే మనిషిని చీల్చేస్తుంది. నక్క కొమ్ము ఇంట్లో ఉంటే అదృష్టం.

వాస్తవం: మన తోడేలు చలిదేశపు తోడేలంత పెద్దది కాదు. మనిషి అలికిడి వింటే దూరం నుంచే తప్పుకుంటుంది. ఉత్తరప్రదేశ్‌లో పిల్లల మీద దాడులు జరిగిన మాట నిజమే. ఇక్కడ దానితో నిత్యం తలపడేది గొర్రెల కాపరి. అతని నష్టం చిన్నది కాదు, పరిహారం వెంటనే అందాలి. కానీ బీట్లో మంద కట్టి, గొర్రెల మధ్యే గొంగడి కప్పుకుని పడుకునే ఆ కాపరులే చెబుతారు, తోడేలు చూపు గొర్రె మీదే కానీ మనిషి మీద కాదని. ఇప్పుడు బయళ్లలో జింక పిల్లల్ని వెంటాడుతున్న గుంపుల్లో ఊరకుక్కలదీ పెద్ద వాటా.

ఇక నక్క కొమ్ము. నక్కకు కొమ్ము లేదు, ఎన్నడూ లేదు. వెంట్రుకలున్న తోలు ముక్కకు ఎముక అతికించి సంతల్లో అమ్ముతారు. రెండు తలల పాము అన్నదీ ఇలాంటిదే. తోక మొద్దుగా ఉండే అమాయకపు పాము అది, ఉన్నది ఒక్క తలే. ఈ నమ్మకాల మీద వ్యాపారం చేసేవాడు జైలు దాకా పోతాడు, జంతువు ప్రాణమే పోతుంది.

నక్క తోక తొక్కి రావడం కాదు, దాని ముఖం చూడటమే అదృష్టం. ఒక డిసెంబరు ఉదయం బెళుగుప్ప దారిలో చేను గట్టు పక్కన మా వ్యాను ఆపి ఇంజను కట్టేశాం. గట్టులో మూడు బొరియలు. కాసేపటికి ఒకదానిలోంచి రెండు చెవులు, వాటి వెనక సన్నటి మూతి. గుంటనక్క. బయటికొచ్చి ఒళ్లు విరుచుకుంది. నల్లటి తోక కొనను కాళ్ల చుట్టూ చుట్టుకుని ఎండకు కూర్చుంది. ఒక పేడపురుగును ముందు కాలితో బోర్లించి, నమిలి, మావైపు ఒకసారి చూసి మళ్లీ కళ్లు మూసుకుంది. ఇరవై నిమిషాలు మేం మాట్లాడుకోలేదు. ఎలుకల్నీ పురుగుల్నీ తిని రైతుకు మేలు చేసే ప్రాణి అది.

అపోహ 6: ఎలుగుబంటి వస్తే చెట్టెక్కాలి, లేదా చచ్చినట్టు వెల్లకిలా పడుకోవాలి.

వాస్తవం: చిన్నప్పుడు చదువుకున్న ఇద్దరు మిత్రుల కథను ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు. ఎలుగుబంటి చెట్టెక్కుతుంది, తేనె కోసం ఎక్కడం దాని నిత్యకృత్యం. అది మనిషిని తినడానికి రాదు. చెదలు, చీమలు, సీతాఫలాలు, రేగుపళ్లు దాని తిండి. పై దవడ ముందు పళ్లు రెండు లేకపోవడం వల్ల ఆ సందులోంచి చెదలను గట్టిగా పీల్చుకుంటుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. వాసన పట్టడంలో దిట్ట, చూపూ వినికిడీ అంతంతమాత్రం. అందుకే మనిషి దగ్గరికొచ్చేదాకా తెలియదు. తెలిసిన క్షణంలో బెదిరి మీద పడుతుంది, ముఖాన్నీ తలనూ గాయపరుస్తుంది.

కాబట్టి గుట్టల దగ్గర తెల్లవారుజామున, మునిమాపున ఒంటరిగా నడవద్దు. తప్పనిసరైతే మాట్లాడుకుంటూ, కర్ర చప్పుడు చేసుకుంటూ నడవాలి. దూరంగా కనిపిస్తే పరుగెత్తకుండా మెల్లగా వెనక్కి తగ్గాలి. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడనూ తల వెనక భాగాన్నీ కప్పుకోవాలి.

అపోహ 7: బండి దిగి దగ్గరికెళ్తేనే బాగా కనిపిస్తాయి. మేత వేస్తే పుణ్యం కూడా.

వాస్తవం: ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంటికీ తోడేలుకీ కనీసం 91 మీటర్లు, మిగతా పెద్ద జంతువులకు 23 మీటర్లు ఎడం పాటించాలన్నది నియమం. అలాస్కాలోని దెనాలిలో సొంత బండ్లను మొదటి 15 మైళ్ల దగ్గరే ఆపేస్తారు, అవతలికి బస్సులే. అక్కడ అంత బుద్ధిగా ఉన్నవాళ్లం ఇక్కడికొచ్చి హారన్ కొట్టి జింకల్ని లేపుతాం. రాత్రి ఫోకస్ లైటు వేసి కుందేళ్లను తరుముతాం. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జంతువును తరమడమూ, ఎరవేయడమూ వేట కిందికే వస్తాయి.

జంతువుకు కారు ఒక రాయిలాంటిది. తలుపు తీసి మనిషి బయటికొచ్చాడా, అది భయం. ఒక కాపరి మాకు చెప్పిన మాట ఇప్పటికీ పాటిస్తాను: "దిగాకండి సార్. కూసున్నంతసేపూ అవి మేస్తాయి. నిలబడినారంటే ఉరుకుతాయి."

మేత వేయడం పుణ్యమూ కాదు. బిస్కెట్టుకు అలవాటుపడ్డ కోతి రోడ్డు మీదే ఉంటుంది, అక్కడే లారీ కింద పడుతుంది. మనం చేయగల మంచి ఒక్కటే. తెచ్చుకున్న ప్లాస్టిక్‌ను తిరిగి ఇంటికి తీసుకుపోవడం.

అపోహ 8: బీడులో చెట్లు నాటితే జంతువులకు మేలు.

వాస్తవం: ఊళ్లో, చేను గట్టున నాటండి, దండం పెడతాను. గడ్డి నేలలో వరసగా నీలగిరి నాటితే, సర్కారు తుమ్మను వదిలేస్తే, గడ్డి చస్తుంది. గడ్డితోపాటు జింకా, గద్దా, గొర్రెల మేతా పోతాయి. అక్కడ మేత దొరకని జింక చేల మీద పడుతుంది. పంట పోయిన రైతు చీరలు కట్టి, రాత్రులు కాపలా కాసి విసిగిపోతాడు. బీడు మిగిలితేనే రైతుకూ జింకకూ తగవు తగ్గుతుంది.

అపోహ 9: గడ్డిలో ఒంటరిగా కనిపించిన జింక పిల్లను తల్లి వదిలేసినట్టే. ఎత్తుకొచ్చి కాపాడాలి.

వాస్తవం: తల్లి వదిలేయలేదు, దాచింది. పుట్టిన మొదటి రోజుల్లో పిల్ల మందతో సమంగా పరుగెత్తలేదు. అందుకే తల్లి దాన్ని గడ్డిలో పడుకోబెట్టి దూరంగా మేస్తుంది, వేళకు వచ్చి పాలిచ్చి పోతుంది. దయతో ఎత్తుకొచ్చిన పిల్లల్లో చాలా వరకు బతకవు.

ఇది నేను కళ్లారా చూశాను. బ్రహ్మసముద్రం మీదుగా భైరవానితిప్ప జలాశయం వైపు వెళ్తుంటే కారు ఆపుకున్న నలుగురు కుర్రాళ్లు కనిపించారు. ఒకడు చొక్కా విప్పి, జింక పిల్లను అందులో చుట్టబోతున్నాడు. దుర్మార్గులు కాదు, కళ్లలో నీళ్లున్నాయి. "పాపం, ఎండలో చచ్చిపోతుంది అంకుల్" అన్నాడు. ఒక్క గంట ఓపిక పట్టండి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. రెండు బండ్లనూ దూరంగా తీసి, అద్దాలు ఎత్తి కూర్చున్నాం.

నలభై నిమిషాలకు బీడు అవతలి అంచున ఒక ఆడజింక కనబడింది. నాలుగడుగులు వేస్తుంది, తలెత్తి చూస్తుంది, పక్కకు మేస్తున్నట్టు పోయి మళ్లీ ఇటే వస్తుంది. దగ్గరికొచ్చాక ఏం చేసిందో మాకు అర్థం కాలేదు కానీ, అంతసేపూ రాయిలా ఉన్న పిల్ల ఒక్క ఉదుటున లేచి పొదుగు కింద దూరింది. చిన్న తోక టపటపా కొట్టుకుంటోంది. చొక్కా విప్పిన కుర్రాడు ఫోను తీయలేదు. చూస్తూ ఉండిపోయాడు.

మనం కాసేపు కదలకుండా కూర్చోగలిగితే, 'ఏమీ లేదు' అన్న బీడులో ఏముందో అదే లేచి చూపిస్తుంది.