ఫ్లవర్‌హార్న్ నుదుట గుంటలు

ఫ్లవర్‌హార్న్ చేప ధరంతా దాని నుదుటిమీదే ఉంటుంది. ఆ బొప్పి ఎంత పెద్దదైతే అంత ఎక్కువ పలుకుతుంది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నమ్మేవాళ్లు చూసేదీ దాన్నే. అలాంటి నుదుట సూది గుచ్చినంత గుంట ఒకటి కనబడితే కొన్నవాళ్ల గుండె గుభేలుమంటుంది. పట్టించుకోకపోతే దాని పక్కన మరొకటి పడుతుంది, కొన్నాళ్లకు రెండూ కలిసి పుండవుతాయి. గుంటలోంచి తెల్లటి జిగురు దారంలా వేలాడుతుంది. ఆస్కార్‌కూ డిస్కస్‌కూ కూడా ఇదే బాధ. ఇంగ్లిష్‌లో దీన్ని ‘హోల్ ఇన్ ది హెడ్’ అంటారు.

ఈ చేపలన్నీ సిక్లిడ్ కుటుంబానివి. ఆస్కార్, డిస్కస్, ఏంజెల్ దక్షిణ అమెరికా నదుల నుంచి వచ్చాయి. ఫ్లవర్‌హార్న్ మాత్రం ఏ నదిలోనూ పుట్టలేదు, 1990లలో మలేసియాలో మధ్య అమెరికా చేపలను సంకరం చేసి తయారుచేశారు. ఈ కుటుంబం మనకు కొత్తదేమీ కాదు. పులికాట్‌లో దొరికే దువ్వెన చేప సిక్లిడే, 1952లో దేశంలోకి వచ్చి చెరువులన్నీ ఆక్రమించిన తిలాపియా కూడా సిక్లిడే.

గుంట కనబడగానే మందుల షాపుకు పరిగెత్తడం చాలామంది చేసే పని. అంతకన్నా ముందు కాసేపు కదలకుండా తొట్టి ముందు కూర్చుని చూడాలి. ప్రతి సిక్లిడ్ తలమీదా పుట్టుకతోనే సన్నని రంధ్రాలుంటాయి. నీటిలోని కదలికను చేప పసిగట్టేది వీటి ద్వారానే. అవి కుడివైపు ఎలా ఉన్నాయో ఎడమవైపూ అలాగే ఉంటాయి, అంచులు శుభ్రంగా ఉంటాయి. వీటిని జబ్బనుకుని ఆరోగ్యంగా ఉన్న చేపకు మందు పోసేవాళ్లు తక్కువేమీ కాదు. ఒకవైపే చెక్కుకుపోయి ఉంటే అది దెబ్బ. అద్దంలో తన నీడనే శత్రువనుకుని ఫ్లవర్‌హార్న్ తల బాదుకుంటుంది. దూదిలా ఉబ్బి ఉంటే బూజో, బ్యాక్టీరియా సోకడమో కావచ్చు. ఒళ్లంతా ఉప్పు చల్లినట్టుంటే అది ‘ఇక్’ అనే వేరే జబ్బు. కళ్ల చుట్టూ, ముక్కు పైభాగాన గుంటలు పడి నానాటికీ పెద్దవవుతూ, చేప రంగు నల్లబడి, మేత ముట్టక, తెల్లటి దారంలాంటి మలం వేస్తుంటే మాత్రం అనుమానం బలపడుతుంది.

దాన్ని రూఢి చేసుకోవాలంటే మైక్రోస్కోప్ కావాలి. అప్పుడే వేసిన మలాన్ని చుక్క నీటిలో గాజుపలకమీద పెట్టి చూస్తే స్పైరోన్యూక్లియస్ అనే ఏకకణ జీవి చురుగ్గా దూసుకుపోతూ కనబడుతుంది. ఆలస్యం చేస్తే కదలిక ఆగిపోతుంది, ఆ తర్వాత గుర్తుపట్టడం కష్టం. పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురం, గిద్దలూరుల్లో చేపల డాక్టరు దొరకడం కష్టమే గానీ, మలపరీక్ష చేసే ల్యాబులు ఉండనే ఉన్నాయి. టెక్నీషియన్ మొదట నవ్వినా, ఒకసారి చూసిపెట్టమంటే కాదనకపోవచ్చు. నెల్లూరు దగ్గరి ముత్తుకూరు మత్స్య కళాశాలలో ఇలాంటి విషయాలు తెలిసినవాళ్లుంటారు.

అసలు దోషి ఈ జీవేనా? ఏంజెల్ చేపల్లో దొరికిన స్పైరోన్యూక్లియస్ వోర్టెన్స్‌ను 1995లో శాస్త్రవేత్తలు వర్ణించారు. 2001లో గుంటలు పడ్డ డిస్కస్, ఏంజెల్ చేపల పుండ్లలోనూ లోపలి అవయవాల్లోనూ అదే కనిపించింది. కానీ గుంట ఒక్కటీ లేని చేపల పేగుల్లోనూ అది హాయిగా బతుకుతుంటుంది. అంటే చేప ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ అది మూల కూర్చుంటుంది, సత్తువ తగ్గినప్పుడు బయటపడుతుంది. మరి ఆ సత్తువను తగ్గిస్తున్నదేమిటి? ఈ ప్రాంతంలో మొదట అడగాల్సింది నీళ్ల గురించే.

ఆస్ట్రేలియాలో ముర్రే కాడ్ అనే చేపను పెంచే రైతులకు ఇలాంటి చిక్కే వచ్చింది. అది సిక్లిడ్ కాదు. అయినా బోరు నీటిలో పెంచిన చేపలకు తలమీదా పక్కలవెంటా ఉండే ఆ స్పర్శ రంధ్రాల దగ్గరే చర్మం కరిగిపోయి పుండ్లు పడ్డాయి. వాటిని నది నీటిలోకి మార్చితే మానాయి. బోరు నీటిని నేరుగా వాడకుండా, నీటిమొక్కలూ పాచీ ఉన్న తొట్టిలో కొన్నాళ్లు నిల్వ ఉంచి వాడినా బాధ తగ్గింది.

పశ్చిమ ప్రకాశంలో ఈ సంగతి కొట్టిపారేయదగ్గది కాదు. గుండ్లకమ్మ నది పుట్టింది ఈ నల్లమల కొండల్లోనే, విజయనగర రాజుల కాలపు కంభం చెరువు ఉన్నదీ ఇక్కడే. అయినా వేసవి వస్తే జనం బోరుమీదా ట్యాంకరుమీదా ఆధారపడాల్సిందే. బోరు నీరు గట్టిది, చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ కూడా ఉంది. తాగడానికే బిందెలు లెక్కపెట్టుకునే ఇంట్లో చేపల తొట్టికి వారం వారం నీళ్లు మార్చమంటే ఇల్లాలు ఊరుకుంటుందా? అందుకే నీళ్లు మార్చడం మానేసి, ఆవిరైనంత పోసి సరిపెడతారు. తొట్టి నిండుగానే కనబడుతుంది. కానీ ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పులు అక్కడే ఉండిపోతాయి. 200 లీటర్ల తొట్టిలో వారానికి 20 లీటర్లు ఆవిరై, అంతే బోరు నీరు పోస్తూ పోతే పది వారాలకు ఉప్పులు రెట్టింపవుతాయి. చేప మలమూత్రాల నుంచి వచ్చే నైట్రేట్ వీటికి అదనం. కంటికి కనబడదు, వాసన రాదు.

నైట్రేట్ కొలిచే చుక్కల కిట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని 20 పీపీఎం దాటకుండా చూసుకోవాలి, అమ్మోనియా, నైట్రైట్ అసలే ఉండకూడదు. ఊరూరా ఉన్న మినరల్ వాటర్ ప్లాంట్లు ఇక్కడ ఆదుకుంటాయి. క్యాన్ నీటిని బోరు నీటిలో కలిపితే గట్టిదనం తగ్గుతుంది. క్యాన్ నీరొక్కటే పోస్తే మాత్రం చేపకు కావాల్సిన ఖనిజాలూ ఉండవు. మార్చిన పాత నీళ్లను పారబోయనక్కర్లేదు. మందు కలపనివైతే పూలమొక్కలకు పోయవచ్చు.

ఇంకో అనుమానితుడు ఫిల్టర్‌లో వేసే యాక్టివేటెడ్ కార్బన్. 2011లో అమెరికాలోని టొలీడో జూ పరిశోధకులు లిగ్నైట్ బొగ్గుతో చేసిన కార్బన్ వాడిన తొట్లలో సముద్రపు సర్జన్ చేపల తలలు పుండ్లుపడ్డాయని ప్రకటించారు. అది ఉప్పునీటి చేపల కథ, సిక్లిడ్లకు అంతే గట్టి రుజువు లేదు. అయినా చికిత్సలో కార్బన్ తీసేయక తప్పదు, ఎందుకంటే వేసిన మందును అదే పీల్చేసుకుంటుంది. మేతమీదా ఇలాంటి అనుమానమే ఉంది. కోడి లివర్ ముక్కలే రోజూ వేస్తే ఆస్కార్ ఎగబడి తింటుంది గానీ, విటమిన్లు అందవు. డబ్బా తెరిచి నెలల తరబడి ఉంచిన గుళికల్లో విటమిన్ సి ఎప్పుడో పోయి ఉంటుంది. తొట్టి ఇరుకైనా చిక్కే. రెండంగుళాల పిల్లగా కొన్న ఆస్కార్ ఒక అడుగు దాకా పెరుగుతుంది. దానికి దాదాపు 300 లీటర్ల తొట్టి కావాలని అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

నీళ్లు సరిచేశాక చిన్న గుంటలు చాలావరకు వాటంతటవే పూడతాయి. స్పైరోన్యూక్లియస్ ఉందని తేలినా, చేప మేత మానేసినా మెట్రోనిడజోల్ వాడతారు. మనుషుల విరేచనాలకు ఇచ్చే మందే అది. 40 లీటర్లకు 250 మిల్లీగ్రాములు, రోజూ కొంత నీరు మార్చి మళ్లీ వేస్తూ ఐదు రోజులు వేయడం వాడుకలో ఉన్న మోతాదు. 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి సుమారు 60 లీటర్లకు సరిపోతుంది. తొట్టి పరిమాణం కాకుండా, అందులో నిజంగా ఉన్న నీరెంతో లెక్కించాలి. మాత్ర త్వరగా కరగదు, మెత్తగా నూరి గోరువెచ్చని నీటిలో కలిపి పోయాలి. చేప తింటుంటే మేతలో కలిపి ఇవ్వడం ఇంకా మేలు. ఆ మోతాదు చేప బరువునుబట్టి ఉంటుంది, తెలిసిన పశువైద్యుడిని అడగాలి. ఆ రోజుల్లో గాలి పంపు ఆపకూడదు. ఏప్రిల్, మే ఎండలకు వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు ముందే తక్కువగా ఉంటుంది, పైగా కరెంటు కోతలు. బ్యాటరీ పంపు ఒకటి దగ్గరుంచుకోవాలి.

మానడానికి వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. లోతైన గుంట మచ్చగా మిగిలిపోతుంది, అక్కడ రంగు తిరిగి రాకపోవచ్చు. ఇక ఈ మాత్రలు తొట్టిలోని పెంపుడు చేపకే. తినే చేపలకూ రొయ్యలకూ మెట్రోనిడజోల్ వాడటం మన దేశంలో నిషేధం. పెరట్లోని గుంటలో కూరకోసం తిలాపియా పెంచుకునేవాళ్లు, తలమీద పుండు చూసి ఇదే మాత్ర వేయకూడదు. మందు కలిపిన నీళ్లు చెరువులోకీ కుంటలోకీ పోకూడదు.