పాత పేరే పిలిచే పెట్టె

ఉరవకొండలో మా వీధికి తెల్లవారిందని చెప్పేవి రెండు: మగ్గం చప్పుడు, మా అమ్మ వినే అన్నమయ్య కీర్తన. పోయిన నెల ఒకనాడు మగ్గం మోగింది గానీ కీర్తన రాలేదు. "ఏమిరా, దీని నోరు పడిపోయిందే?" అంది అమ్మ, గూట్లోని వైఫై స్పీకరును చూస్తూ. ముందురోజు సాయంత్రమే ఇంటర్నెట్ అబ్బాయి వచ్చి పాత రూటరు తీసేసి కొత్తది బిగించిపోయాడు. ఫోన్లన్నీ బాగానే నడుస్తున్నాయి. స్పీకరు దీపమొక్కటే మిణుకుమంటోంది.

చూసినవాళ్లు చెడిపోయిందన్నారు. చెడిపోలేదు. అది ఇంకా పాత రూటరునే పేరు పెట్టి పిలుస్తోంది.

మా తాతల నాటి రేడియోకు ఈ తిప్పలు లేవు. తపాలా ఆఫీసులో లైసెన్సు రుసుము కడితే సరి, ముల్లు తిప్పితే ఎవరింట్లోనైనా పలికేది. వింటున్నది ఎవరో ఆకాశవాణికి అక్కర్లేదు. వైఫైలో అలా కుదరదు, ఇటూ అటూ మాట్లాడుకోవాలి.

కంప్యూటర్లు రేడియో మీద ఇలా మాట్లాడుకోవడం మొదలైంది హవాయి దీవుల్లో. 1971లో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల్లోని కంప్యూటర్లను రేడియోతో కలిపి, దానికి అలోహానెట్ అని పేరు పెట్టింది. అందరికీ దారి ఒక్కటే. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ పాడవుతాయి. అప్పుడు ఎవరికి వారు, చీటీ తీసినట్టు ఎంతో కొంతసేపు ఆగి, మళ్లీ చెప్పుకోవాలి. నీళ్లు వదిలే వేళ మా వీధి కొళాయి దగ్గర ఈ మర్యాద ఉండుంటే ఎన్ని బిందెలు సొట్టలు పడకుండా ఉండేవో! ఆ తర్వాత 1985లో అమెరికా 2.4 గిగాహెర్ట్జ్ వంటి రేడియో బ్యాండ్లను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. 1997లో తీగల్లేని నెట్‌వర్క్‌లకు 802.11 అనే ప్రమాణం, 1999లో వైఫై అన్న పేరు వచ్చాయి. కంప్యూటర్లోని పాటను వైఫై మీదుగా ఇంట్లోని స్పీకరుకు పంపే చిన్న పెట్టెను 2004లో ఆపిల్ అమ్మింది. మన దేశంలో 2.4 బ్యాండుకు లైసెన్సు ఎత్తేసింది ఆ మరుసటి ఏడు జనవరిలో.

ఇక మా గూటి సంగతి. కొత్త నెట్‌వర్క్ కనబడితే ఫోను పాస్‌వర్డ్ అడుగుతుంది, మనం కొడతాం. స్పీకరుకు తెర లేదు, మీటలు లేవు. మొదటిరోజు నేర్పిన పేరూ పాస్‌వర్డూ తప్ప దానికి ఇంకేం తెలియదు. కొత్త రూటరుకే ఆ పాత పేరూ పాస్‌వర్డూ పెట్టాను. అయినా మిణుకు ఆగలేదు. రూటరు డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతిలోనే ఉంది, పాత స్పీకరుకు డబ్ల్యూపీఏ2 మాత్రమే వచ్చు. రూటరును డబ్ల్యూపీఏ2కు మార్చగానే దీపం నిలకడగా వెలిగింది.

వెలిగింది సరే, నా ఫోనుకు మాత్రం స్పీకరు కనబడదు! అరగంట తినేసింది ఇదే. ఇలాంటి స్పీకర్లను వెతకడానికి ఫోను 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు 'ఎవరైనా ఉన్నారా' అని కేకేస్తుంది. స్పీకరు 'నేనున్నా' అనాలి. ఆ అబ్బాయి నా ఫోనును గెస్ట్ నెట్‌వర్క్‌లో కలిపిపోయాడు. అక్కడి నుంచి ఇంటర్నెట్‌కు దారి ఉంటుంది, ఇంట్లోని మిగతా పరికరాలకు ఉండదు. చుట్టాలు పడసాల దాటి వంటింట్లోకి రాకూడదన్నట్టు. ఫోనును అసలు నెట్‌వర్క్‌కు మార్చాను, కీర్తన మొదలైంది.

చిరునామా గొడవ మాకు రాలేదు గానీ కొందరికి వస్తుంది. రూటరు ప్రతి పరికరానికీ ఒక చిరునామాను గడువు పెట్టి ఇస్తుంది. ఈ పద్ధతి 1993 నాటిది. స్పీకరుకు మనమే 192.168.1.20 అని ఖాయం చేసి ఉండి, కొత్త రూటరు 192.168.0 వరసలో పంచుతుంటే ఆ రెండూ కలవవు. మరొకటి, 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగంగా మోస్తుంది గానీ మా బండ గోడల దగ్గర నీరసపడుతుంది. పాత స్పీకర్లు చాలావాటికి ఆ బ్యాండే అందదు. 2.4ను ఆపేయకండి.

ఈసారి మీ ఇంటికి కొత్త రూటరు వస్తే, పాతది విప్పకముందే దాని పేరూ పాస్‌వర్డూ కాగితం మీద రాసుకుని, కొత్తదానికీ అవే పెట్టమని అడగండి. ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నా పెద్దా తేడా కూడా రాకూడదు.