పాత ద్రాక్షారిష్టము

పాతబియ్యమునకును, పాతచింతపండునకును మన యిండ్లలో నెంత మన్నన గలదో మీ రెఱుగనిది కాదు. ద్రాక్షరసమునకును లోకమున నట్టి మన్ననయే కలదు. ఆస్ట్రేలియా దేశమందలి బరోసా లోయలో 1843వ సంవత్సరమున నాటిన షిరాజు ద్రాక్షతీగెలు నేటికిని కాయుచున్నవి. 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు తోటలను పాడుచేసిన వేరుపురుగు ఆ ప్రాంతమునకు సోకకుండుటచే నవి బ్రతికినవి. ముదుసలి తీగెకు గుత్తులు తక్కువ; రసము చిక్కన. ఆ రసమును పులియబెట్టి యేండ్లతరబడి దాచినచో వగరు తగ్గి మృదువగును.

మనకా మద్యముతో పనిలేదు. కాని యీ ధర్మమే మన యింటి మందగు ద్రాక్షారిష్టమునందును గానవచ్చును. ఎండుద్రాక్షను నీట గాచి, నాలవపాలు మిగిలిన కషాయమున బెల్లమును, ధాతకీపుష్పములను, ఏలకులు, దాల్చినచెక్క, మిరియములు, పిప్పళ్ళు మొదలగు సంభారములను జేర్చి, కుండ మూతికి గుడ్డ చుట్టి మన్ను మెత్తి, నెలదినములు కదల్పక యుంచుట దీని పద్ధతి. చూర్ణము రెండు మాసములకే బలము తగ్గుననియు, ఆసవములు పాతబడినకొలది గుణవంతము లగుననియు శార్ఙ్గధరసంహిత చెప్పుచున్నది. క్రొత్త మద్యము గురువనియు, పాతది లఘువు, దీపనము ననియు చరకుని మతము.

మల్కాపురమున మా యింట ఆఱేండ్లుగా మూత విప్పని సీసా యొకటి యుండెను. ముద్రించిన గడువు దాటలేదని చూచుకొని, ఈ యేటి సీసాతో సరిపోల్చి, మా వారును మేమును చెంచాడేసి రుచిచూచితిమి. క్రొత్తదానిలో ముందు బెల్లపు తీపి, వెంటనే నాలుకను పట్టు వగరు, ఆపై మిరియపు ఘాటు వేర్వేఱుగ దోచెను. పాతదానిలో నేది బెల్లమో యేది యేలకియో విడదీయ వలనుపడలేదు. పండిన ఖర్జూరమువంటి పరిమళము, గొంతు దిగిన పిమ్మట చిన్న వెచ్చదనము మాత్రము నిలిచెను. సీసా యడుగున సన్నని మడ్డి పేరియుండెను. వగరునిచ్చు పదార్థములు కాలక్రమమున నొండొంటితో గలిసి, బరువెక్కి, అడుగంటుటచేతనే పాత ద్రాక్షమద్యము మృదువగునని రసాయనశాస్త్రజ్ఞు లందురు. ఇందును అట్టి మార్పే కలిగియుండవచ్చును.

అయితే కాలమొక్కటియే గుణము నీయదు. మూత వదులైన సీసాలో గాలి చొచ్చి రసము పులిసిపోవును. మావంటి సముద్రతీరవాసులు బిరడా బిగించి, ఎండ తగులని చీకటి యలమరలో నుంచుకొనవలెను.

మఱియొక మాట. పాతదని గౌరవించుట వేఱు, ఎల్లర కిచ్చుట వేఱు. ఇందు పులియుటవలన బుట్టిన మద్యసారము సాధారణముగ నూటికి 5 మొదలు 10 పాళ్ళవఱకు నుండును, బెల్లమును మెండు. బాలింతకు బలమనియు, పసివానికి ఆకలి పుట్టించుననియు పొరుగువారు చెప్పినంతనే పోయుట తగదు. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును, శిశువులకును, మధుమేహముగాని కాలేయవ్యాధిగాని గలవారికిని వైద్యు నడుగక యియ్యరాదు. ఎంత పాతబడినను, ఎంత రుచి గలిగినను మందు మందే. దాని తాళపుచెవి గృహిణి చేతనే యుండుట మేలు.