ఎండ ఎరుగని ఆకుకూర

రాణివాసపు స్త్రీలను మన పూర్వకవులు ‘అసూర్యంపశ్యలు’ అన్నారు. సూర్యుణ్ణి సైతం చూడనివారని అర్థం. ఇప్పుడా బిరుదు ఒక ఆకుకూరకు దక్కింది. అమెరికాలోనూ, జపానులోనూ, ఐరోపా దేశాల్లోనూ సలాడుల్లో పచ్చిగా తినే లెట్యూస్‌ను కిటికీలు లేని గదుల్లో, అరల మీద అరలు పేర్చి, విద్యుద్దీపాల కింద పెంచుతున్నారు. మొలక మొదలు కోతదాకా దానికి ఎండపొడ సోకదు.

మరి అలా పెరిగిన ఆకులో సారం ఉంటుందా? కూర కొనే ప్రతి ఇల్లాలూ అడగదగిన ప్రశ్న ఇది.

వెలుతురుతో మొక్క ఆహారం తయారుచేసుకుంటుందని అందరం చదువుకున్నదే. అయితే వెలుతురు మొక్కకు ఆజ్ఞ కూడా. పెళ్ళి పాలికల్లో చల్లిన నవధాన్యాలను చీకటి గదిలో ఉంచితే మొలకలు పాలిపోయి, సన్నగా సాగిపోతాయి. వెలుతురున్నచోట అవే పొట్టిగా, పచ్చగా నిలుస్తాయి. గింజ ఒకటే, అందిన ఆజ్ఞ వేరు.

ఈ రహస్యాన్ని బయటపెట్టినది కూడా లెట్యూస్ గింజే. అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ ప్రభృతులు 1952లో నానిన గింజలకు ఎర్రని కాంతి చూపారు. గింజలు మొలిచాయి. ఆ వెంటనే ఎరుపుకు ఆవలి అంచున ఉండే, మన కంటికి దాదాపు ఆనని కాంతి చూపితే మొలవడం మానేశాయి. రెంటినీ ఎన్నిసార్లు మార్చి మార్చి చూపినా, చివర పడిన కాంతి మాటనే గింజ విన్నది. ఆ మాట వినే పదార్థానికి తరువాత ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు.

ఎల్‌ఇడి దీపాలు వచ్చాక, ఏ రంగు కాంతి ఎంత కావాలంటే అంత ఇవ్వడం సాధ్యమయింది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఎరుపు పాలు ఎక్కువైతే ఆకు వెడల్పుగా సాగి తూకం పెరుగుతుంది. నీలం పాలు పెంచితే ఆకు కురచగా, మందంగా తయారవుతుంది. ఎర్ర లెట్యూస్‌కు ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు హెచ్చుతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ ఆ పనే చేస్తాయి. అవి తగలనిచోట ఎర్ర రకాలు వెలవెలపోతాయి. అంటే ఆకును పెంచే వెలుగూ, సారాన్ని పెంచే వెలుగూ అన్నివేళలా ఒకటి కావన్నమాట.

రంగు సంగతి అలా ఉంచి, వెలుగు చాలకపోతే మరో ఇబ్బంది. మసక వెలుతురులో పెరిగిన లెట్యూస్‌లో విటమిన్ సి తగ్గుతుంది. వేళ్ళు పీల్చిన నైట్రేటును మాంసకృత్తులుగా మార్చడానికి వెలుతురు కావాలి. అది చాలకపోతే నైట్రేటు ఆకులోనే నిలవపడుతుంది. ఐరోపా నిబంధనలు చూడండి: గాజుఇళ్ళలో పెంచిన లెట్యూస్‌లో కిలోకు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 4000 మిల్లీగ్రాముల నైట్రేటు ఉండవచ్చు, అక్టోబరు నుంచి మార్చి దాకా 5000 వరకు ఉండవచ్చు. చలికాలపు మబ్బు సంగతి చట్టానికి కూడా తెలుసు! కోతకు ముందు రెండు మూడు రోజులు రాత్రింబవళ్ళు దీపాలు వెలిగిస్తే ఈ నైట్రేటు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అలాగని వెలుగు కుమ్మరించడమూ పనికిరాదు. ఎదుగుదల వేగానికి తగినంత కాల్షియం అందక లేత ఆకుల అంచులు మాడతాయి.

2015 ఆగస్టు 10న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు దీపాల కింద తాము పెంచిన ఎర్ర లెట్యూస్ తిన్నారు. అక్కడ ఎరుపు, నీలం దీపాలకు తోడు పచ్చ దీపం కూడా పెట్టారు. అది ముఖ్యంగా చూసేవారి కళ్ళకోసం. లేకుంటే ఆకు ఊదారంగుగా కనిపించి తినబుద్ధి కాదు. భూమిమీద అలాంటి దీపాల కిందే పెంచిన ఆకుకు ఇది పోషకాల్లో తీసిపోదని 2020లో ప్రచురించిన పరీక్షలు చెప్పాయి.

కాబట్టి దీపం కింద పెరిగినంతమాత్రాన ఆకు నిస్సారం కాదు. ఏ దీపం, ఎంతసేపు, ఎంత వెలుగు అన్నదే ప్రశ్న. దానికి జవాబిచ్చేది కరెంటు ఖర్చు భరించే వ్యాపారి. ఆకును తూకానికి కొన్నంతకాలం అతడు తూకానికే దీపం వెలిగిస్తాడు.

మన తోటకూరకు ఈ లెక్కలేమీ అక్కరలేదు. అపార్టుమెంటులో కుండీ పెట్టుకునేవారు మాత్రం దానిని అందంగా కనిపించే మూల కాక, ఎండ పడేచోట పెట్టండి. అన్ని రంగుల వెలుగూ అక్కడ ఉచితంగా దొరుకుతుంది.