చిన్న తూటా

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టభూములలో గుంటనక్కలూ కలవు, కృష్ణజింకలూ కలవు. వేట సాగిన రోజులలో రెంటికీ ఒకే రైఫిలు చాలునా అన్నది వేటగాని ముందున్న ప్రశ్న.

ఉదాహరణకు, 1930 ప్రాంతమున అమెరికాలో వెలువడిన ·22 హార్నెట్ తూటాను చూడుడు. ·22 అనగా నాళిక వ్యాసము అంగుళములో సుమారు 22 వందలవ వంతు. మందును అంటించే టోపీ తూటా అడుగున నడిమధ్య ఉంటుంది. గుండు బరువు సుమారు 3 గ్రాములే. వేగము ధ్వనికి రెట్టింపు పైమాట. మూడు కిలోల నక్కకు అది చాలును. 30, 40 కిలోల జింకకు చాలదు. పలుచని గుండు పైపైనే చిట్లి, మర్మస్థానమును చేరకపోవచ్చును. గాయపడిన జింక కనుచూపు దాటి పరుగెత్తి, ఏ పొదలోనో కుమిలి చస్తుంది. అందుచేతనే ఇంగ్లండులో 1963 నాటి చట్టం ·240కు తక్కువ రైఫిలుతో దుప్పులను కొట్టరాదని శాసించింది.

మన దేశంలో ఆ ప్రశ్నయే తీరిపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేడు రెంటి వేటా నేరమే. కృష్ణాతీరపు రైతు మొలకలు జింకల పాలగుట నిజమే. ఆ కష్టమునకు తూటా మందు కాదు. అయినను పాత వేటగాండ్ర పాఠం ఒకటి మిగిలింది: చిన్న ఆయుధము చిన్న హింస అనుకొనుట పొరపాటు.