ఉన్మాదమా, దౌష్ట్యమా?

ఘోరకృత్యమేదేని జరిగినంతనే "చేసినవాడు పిచ్చివాడు" అను మాట మన నోట వెడలును. ఆ మాటలో మనకొక యూరట కలదు. దుర్మార్గుడు ఉన్మత్తుడైనచో అతడు మనవంటివాడు కాడు గదా! కాని యీ యూరట ఎంతవరకు సత్యము?

మన పూర్వులీ రెంటిని వేరుగనే యెంచిరి. చరకసంహిత ఉన్మాదమును రోగములలో చేర్చి వైద్యునికి అప్పగించినది. కామక్రోధాదులను మాత్రము అరిషడ్వర్గమనిరి. అనగా అవి మనుష్యుడు జయింపవలసిన శత్రువులు. నేటి శాసనమును ఈ భేదమునే పాటించుచున్నది. 1843లో ఇంగ్లండు ప్రధానమంత్రి రాబర్టు పీలునకు కార్యదర్శియగు డ్రమ్మండును మెక్‌నాటన్ అనువాడు కాల్చి చంపెను. పాలకపక్షమువారు తన్ను వెంటాడి వేధించుచున్నారను భ్రాంతి అతనిని పట్టియుండెను. న్యాయస్థాన మాతనిని ఉరికంబమునకు గాక పిచ్చాసుపత్రికి పంపెను. ఆ సందర్భమున న్యాయాధిపతులు చెప్పిన సూత్రములను అనుసరించినదే 1860 నాటి మన శిక్షాస్మృతిలోని 84వ సెక్షను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షనుగ నిలిచినది. చిత్తవైకల్యముచే తన పని యెట్టిదో, అది తప్పో, చట్టవిరుద్ధమో తెలియజాలనివానికే యీ రక్షణ. రోగమున్నంత మాత్రమున అది లభింపదు. క్రూరత్వము ఎంత ఘోరమైనను లభింపదు.

ఈ భేదమునకు అగ్నిపరీక్ష 1945లో జర్మనీలోని నూరెంబర్గున జరిగినది. అరువది లక్షల యూదులను పొట్టపెట్టుకొన్న హిట్లరు ప్రభుత్వములోని ప్రముఖులను విచారణకు నిలిపిరి. అమెరికా సైన్యపు మానసిక వైద్యుడు డగ్లస్ కెల్లీ, మనశ్శాస్త్రజ్ఞుడు గిల్బర్టు వారిని చెరలో పరీక్షించిరి, సిరామరకలు చూపి యేమి తోచునని యడిగిరి, బుద్ధిబలమును కొలిచిరి. తేలినదేమి? సగటు నూరు కాగా గోరింగునకు వచ్చిన యంకె 138. దాదాపు అందరును సామాన్యునికంటె తెలివిగలవారే. మనఃస్థితినిగూర్చి గట్టి సందేహము కలిగించిన రుడాల్ఫు హెస్సు సైతము తన మతిమరపు నటనయని 1945 నవంబరు 30న న్యాయస్థానమున తానే చెప్పెను. ఇట్టివారు ఏ దేశమునందైనను దొరకుదురని కెల్లీ తరువాత హెచ్చరించెను. పదవీకాంక్ష, పైవాని యాజ్ఞకు తలయొగ్గుట, పరుని మనుష్యునిగ చూడకుండుట, ఇవి చాలును, ఉన్మాదముతో పనిలేదు.

అంతకంటె హృదయవిదారకమైన సంగతి వేరొకటి కలదు. ఆ రాజ్యమున మతి చలించినవారు హంతకులు కారు, హతులు. 1939లో ఆరంభించి 1941 ఆగస్టు నాటికి 70 వేలకు పైగా మనోరోగులను, వికలాంగులను విషవాయువుతో చంపిరి. ఎవరు చావవలెనో కాగితములపై గుర్తు పెట్టినవారు వైద్యులు, విద్వాంసులు, స్వస్థచిత్తులు!

రోగమును దౌష్ట్యమును కలియుచోటు లేదని మా యభిప్రాయము కాదు. కరుణ, పశ్చాత్తాపము ఎరుగని స్వభావములను అమెరికా వైద్యుడు క్లెక్లీ 1941లో వర్ణించెను. వారికి భ్రాంతి యుండదు, తర్కము చెడదు, తప్పని తెలియును గాని లెక్కయుండదు. వారి మనస్సును శోధించుట వైద్యుల విధి. అంతమాత్రమున న్యాయాధిపతి విధి తీరిపోదు.

దుర్మార్గుని పిచ్చివాడనుటవలన రెండు అన్యాయములు జరుగుచున్నవి. అపరాధి భారము తగ్గును. నిరపరాధియగు రోగిపై అది పడును. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన మనోరోగులు 28 మంది ఆహుతియైరి. వారెవరిని చంపిరి? వారి కాళ్లకు గొలుసు వేసినది ఈ భయమే కదా! 2017 నాటి చట్టము గొలుసులను నిషేధించినది. మన యిండ్లలో, గ్రామములలో ఆ భయము కూడ తొలగవలెను. రోగిని వైద్యుని కడకు తీసికొనిపోవుదము. దుర్మార్గుని న్యాయస్థానమునకు అప్పగింతము. అతనిలోని లోభక్రోధములు మనలో నెంత గలవో చూచుకొందము.