ల్యాప్‌టాప్ పదేపదే పడకేస్తోందా?

రాత్రి దాకా చక్కగా పనిచేసిన ల్యాప్‌టాప్, పొద్దున్నే ఆన్ చేస్తే నల్లటి తెర చూపిస్తుంది. 'బూట్ డివైజ్ దొరకలేదు' అని ఓ ముక్క చెప్పి ఊరుకుంటుంది. దుకాణానికి తీసుకెళ్తే ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ ఎక్కించి ఇస్తారు. హమ్మయ్య అనుకుంటాం. పదిహేను రోజులు తిరక్కుండానే మళ్లీ అదే కథ! అలా ఫార్మాట్ కొట్టించిన ప్రతిసారీ పోయేది డబ్బు ఒక్కటే కాదు... పాపాయి మొదటి పుట్టినరోజు ఫొటోలూ, సగం రాసిన ప్రాజెక్టు రిపోర్టూ కూడా.

ఒకసారి చెడితే సాఫ్ట్‌వేర్ తప్పు అనుకోవచ్చు. రెండోసారీ అదే జరిగితే అసలు జబ్బు ఇంకెక్కడో ఉందని అనుమానించాలి. మాత్ర వేస్తే జ్వరం తగ్గుతుంది కానీ, ఎందుకొచ్చిందో తెలియదుగా. ఫార్మాటూ అంతే.

ముందు ఫైళ్లు... తర్వాతే మరమ్మతు

డిస్కు మొరాయించగానే చాలామంది 'చెక్‌డిస్క్' నడిపిస్తారు. అది ఫైళ్ల చిట్టాను సరిచేస్తుందే తప్ప ఫైళ్లను కాపాడదు. కొన ఊపిరితో ఉన్న డిస్కును గంటల తరబడి చదివిస్తే ఆ ఊపిరి కూడా ఆగిపోవచ్చు. అందుకే ముందు పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో బూట్ చేసి, ముఖ్యమైనవన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో చూడాలి. హార్డ్‌డిస్కులోంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తోందా? ఇక ఆన్ చేయకుండా డేటా రికవరీ నిపుణులకు ఇవ్వడమే మేలు.

డిస్కు జాతకం

ప్రతి డిస్కూ తన ఆరోగ్యాన్ని తానే రాసుకుంటుంది. దాన్నే 'స్మార్ట్' అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చదవొచ్చు. 'రీఎలకేటెడ్', 'పెండింగ్' సెక్టార్ల లెక్క పెరుగుతూ పోతుంటే డిస్కు మార్చాల్సిందే. 2007లో గూగుల్ లక్షకు పైగా హార్డ్‌డిస్కుల లెక్కలు వెల్లడించింది. తొలి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్కు, అది లేనివాటితో పోలిస్తే 60 రోజుల్లోపు పాడయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువట! అయితే పాడైన వాటిలో సగానికి పైగా ముఖ్యమైన హెచ్చరికలేవీ ఇవ్వకుండానే పోయాయి. అంటే, జాతకం బాగుందని నిశ్చింతగా ఉండటానికీ లేదు.

దొంగ ఒకరు... నింద ఒకరికి

కొత్త డిస్కు వేసినా అదే తంతు అయితే తప్పు డిస్కుది కాదన్నమాట. అప్పుడు చూడాల్సినవి మూడు.

కేబుల్: చాలా ల్యాప్‌టాప్‌లలో సాటా డిస్కును మదర్‌బోర్డుకు కలిపేది పల్చటి రిబ్బన్. అది నలిగినా, వదులైనా దారిలోనే డేటా చెడుతుంది. 'సీఆర్‌సీ ఎర్రర్' లెక్క ఇవాళ రాసుకుని వారం తర్వాత చూడాలి. పెరిగితే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ర్యామ్: డిస్కులోకి వెళ్లేముందు సమాచారం ఆగేది ఇక్కడే. ర్యామ్‌లో లోపముంటే తప్పుడు సమాచారమే డిస్కుకెక్కుతుంది. మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను రాత్రంతా నడిపితే చాలావరకు బయటపడుతుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు.

కరెంటు: బ్యాటరీ పూర్తిగా పోయినా ఛార్జరు పెట్టి నడిపించే ఇళ్లు ఎన్నో. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఆ రాత మధ్యలోనే ఆగిపోతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ తన చిట్టాను కాపాడుకోగలదు కానీ, ఫైల్లోని విషయానికి హామీ ఇవ్వదు. ఇలాంటప్పుడు కొత్త బ్యాటరీయే మందు.

ఒక్కో భాగాన్నీ మార్చి, కొన్నాళ్లు చూశాకే ఇంకోదాని జోలికెళ్లాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే జబ్బేమిటో ఎప్పటికీ తెలియదు. అది తేలేదాకా ముఖ్యమైన ఫైళ్లు కనీసం రెండు చోట్ల ఉండాలి... అందులో ఒకటి ఈ ల్యాప్‌టాప్ బయటే సుమా!